పుకారుకు జవాబు ఫైలులో ఉన్నది

2020 మార్చి చివరి వారంలో ఢిల్లీలోని నిజాముద్దీన్ మర్కజ్ పేరు దేశమంతటా మారుమోగింది. అక్కడ జరిగిన తబ్లీగీ సమావేశానికీ ఒక వ్యాధి వ్యాప్తికీ ముడిపెట్టి 'కరోనా జిహాద్' అనే మాటను పుట్టించారు. టైమ్ పత్రిక ప్రచురించిన ఈక్వాలిటీ ల్యాబ్స్ సంస్థ లెక్క ప్రకారం, కొద్ది రోజుల్లోనే ఆ మాట ట్విట్టర్‌లో సుమారు 3 లక్షల సార్లు కనిపించింది. దాదాపు 16.5 కోట్ల మంది దృష్టికి అది చేరి ఉండవచ్చు. ఆ మాట ఫోన్లలోంచి వీధుల్లోకి దిగింది. కూరగాయల బండి నడుపుకొనేవాడిని పేరడిగి వెనక్కి పంపడం వరకు వెళ్లింది. ఏ సమాజానికీ వ్యాధిని అంటగట్టవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్ 8న సూచనలు జారీ చేయవలసి వచ్చింది.

ఆ తరువాత న్యాయస్థానాలు ఏమన్నాయి? 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 29 మంది విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారనీ, పత్రికలూ టీవీలూ పెద్ద ఎత్తున దుష్ప్రచారం చేశాయనీ వ్యాఖ్యానించింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులుగా ప్రకటించింది. 2025 జూలై 17న ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయులపై ఉన్న 16 అభియోగ పత్రాలను రద్దు చేసింది. అపనింద వారం రోజుల్లో దేశాన్ని చుట్టివచ్చింది. దానిపై ఈ ఉత్తర్వు వెలువడటానికి ఐదేళ్లు పట్టింది.

ఇక్కడ మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ అపనింద చేరిన ప్రతి టీకొట్టుకూ, ప్రతి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుకూ ఈ తీర్పులను చేర్చిన వారెవరు? పొరుగింటి హిందూ సోదరుడికి 'కరోనా జిహాద్' మాట తెలుసు. ఔరంగాబాద్ ధర్మాసనం తీర్పు తెలుసా? మన పిల్లల్లో ఎందరికి తెలుసు? కోర్టులో గెలిచి కూడా ప్రజల మనసులో ఓడిపోయే స్థితి ఇది. దీనికి దుష్ప్రచారం చేసేవారి బలం ఎంత కారణమో, మన పక్షాన వ్యవస్థ లేకపోవడం కూడా అంతే కారణమని నా అభిప్రాయం.

పౌర సంబంధాలు అంటే పొగడ్త కాదు

ప్రతి జిల్లాలో ప్రభుత్వానికి ఒక పౌర సంబంధాల అధికారి ఉంటారు. ఏ పథకం ఎప్పుడు మొదలైంది, ఎందరికి అందింది, దానిపై వచ్చిన విమర్శకు సమాధానం ఏమిటి అనే వివరాలు ఆయన వద్ద ముందే సిద్ధంగా ఉంటాయి. పత్రికవారు అడిగిన గంటలో ప్రకటన వెలువడుతుంది. పెద్ద కంపెనీలకూ, రాజకీయ పార్టీలకూ ఇలాంటి విభాగాలే ఉన్నాయి. ఈనాడు వాటి పని చాలావరకు ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల మీదనే నడుస్తున్నది.

మనకు మస్జిద్ కమిటీలు ఉన్నాయి, మదర్సాలు ఉన్నాయి, వెల్ఫేర్ సొసైటీలు ఉన్నాయి. కానీ పట్టణంలో మన గురించి ఒక తప్పుడు వార్త వస్తే, విలేకరి ఎవరికి ఫోన్ చేయాలో ఆ పట్టణంలో ఎవరికీ తెలియదు. చేస్తే నలుగురు నాలుగు మాటలు చెబుతారు. ఆ నాలుగింటిలో అతి కోపంగా అన్న మాటే మరునాడు వీడియోగా తిరుగుతుంది. దానిమీద మరో నాలుగు రోజులు చర్చ నడుస్తుంది. అసలు విషయం మరుగున పడుతుంది.

సామాజిక మాధ్యమాల తీరు ఇక్కడ అర్థం చేసుకోవాలి. ఏ వీడియోకు ఎక్కువ మంది స్పందిస్తే దానినే ఆ వేదికలు మరింత మందికి చూపిస్తాయి. ఆ స్పందన మెచ్చుకోలా, తిట్టా అన్న తేడా యంత్రానికి పెద్దగా ఉండదు. మనల్ని దూషించిన వీడియోను 'దీన్ని ఖండించండి' అంటూ వంద గ్రూపులకు పంపినప్పుడు, దూషించినవాడి పనినే మనం ఉచితంగా చేసిపెడుతున్నాము. ఖండించవలసినప్పుడు ఆ వీడియోను పంపకుండా, అందులోని ఆరోపణ ఏమిటో ఒక వాక్యంలో రాసి, దాని కింద నిజాన్ని ఆధారంతో సహా పెట్టాలి. వీడియో లింకును మాత్రం ఫిర్యాదు కోసం భద్రపరచాలి.

జవాబు ముందే సిద్ధంగా ఉండాలి: 4 శాతం ఉదాహరణ

మన రెండు రాష్ట్రాలకు సంబంధించిన ఒక విషయాన్ని తీసుకుందాం. 2024 ఎన్నికల ప్రచారంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని 4 శాతం రిజర్వేషన్ జాతీయ చర్చగా మారింది. 'మతం పేరిట ముస్లింలందరికీ రిజర్వేషన్ ఇచ్చేశారు' అన్న మాట ఉత్తరాది వరకు పాకింది. మన గ్రూపుల్లో దానికి వచ్చిన సమాధానాలు ఎక్కువగా ఆవేశంతో నిండినవే. సరైన సమాధానం ఐదారు వాక్యాల్లో ఒదుగుతుంది.

ఆ రిజర్వేషన్ బీసీ జాబితాలోని 'ఇ' గ్రూపుకు చెందినది. పి.ఎస్. కృష్ణన్ నివేదిక, బీసీ కమిషన్ సిఫారసుల ఆధారంగా 2007లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలే అందులో ఉన్నాయి: అత్తరు సాయిబులు, ఫకీర్లు, ధోబీ ముస్లింలు, హజాంలు, ఖురేషీలు, షేక్‌లు, గారడీ ముస్లింలు, సిద్దీలు మొదలైనవారు. సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బొహరా, ఖోజా, కచ్చీ మేమన్ వంటి వర్గాలకు అది వర్తించదు. దూదేకులవారు అంతకు చాలా ముందునుంచే బీసీ 'బి'లో, మెహతర్లు బీసీ 'ఎ'లో ఉన్నారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ చట్టాన్ని కొట్టివేయగా, అదే ఏడాది మార్చిలో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చి అమలును కొనసాగనిచ్చింది. విషయం రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది.

ఇందులో ఆవేశం అవసరమైన వాక్యం ఒక్కటీ లేదు. 'ముస్లింలందరికీ' అన్న మాట తప్పని వర్గాల పేర్లే చెబుతాయి. తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకున్న సయ్యద్ కుటుంబానికి బీసీ-ఇ ధ్రువపత్రం రాదన్న ఒక్క నిజం, గంటసేపు చేసే వాదన కంటే బలమైనది. ఈ సమాధానం తెలుగులో, ఒక పేజీలో, ప్రతి పట్టణంలోనూ 2024 కంటే ముందే సిద్ధంగా ఉండి ఉండవలసింది. అప్పుడు పత్రికలవారికి, కళాశాల అధ్యాపకులకు, బీసీ సంఘాల నాయకులకు అదే పేజీ చేరేది. అందులోనూ బీసీ సంఘాలకు చేరడం ముఖ్యం. ఎందుకంటే ఆ అపోహ మనల్ని బీసీ సోదరుల నుంచి వేరుచేయడానికే పనికివస్తున్నది.

జనాభా విషయం కూడా ఇంతే. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లేచే పాట అది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ముస్లిం మహిళల సగటు సంతాన రేటు 1992-93లో 4.4 ఉండగా, 2019-21 నాటికి 2.36కు తగ్గింది. అదే సర్వేలో హిందూ మహిళల రేటు 1.94. తేడా ఉన్నమాట నిజమే, అది వేగంగా తగ్గుతున్నమాటా నిజమే. రెండూ చెప్పాలి. అనుకూలమైన సగం అంకెనే చెబితే ఎదుటివాడు మిగతా సగం తీసి చూపిస్తాడు. దాంతో మన మాట విలువే పోతుంది.

నినాదానికీ నమోదుకూ మధ్య

వక్ఫ్ విషయంలో మన బలహీనత మరింత స్పష్టంగా కనిపించింది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది. సెప్టెంబరు 15న సుప్రీం కోర్టు అందులోని కొన్ని నిబంధనలను నిలిపివేసింది, చట్టాన్ని మాత్రం మొత్తంగా ఆపలేదు. జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలల్లో నమోదు చేయాలన్న గడువు నడుస్తూ వచ్చింది. డిసెంబరు 1న ఆ గడువును పొడిగించడానికి సుప్రీం కోర్టు అంగీకరించలేదు. వెసులుబాటు కావలసినవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలన్నది.

ఆ ఆరు నెలల్లో మన ఫోన్లకు చేరినవి ఏమిటో గుర్తు చేసుకోండి. సభల పోస్టర్లు, ప్రసంగాల ముక్కలు, నల్ల బ్యాడ్జీల ఫోటోలు లెక్కలేనన్ని వచ్చాయి. నిరసన అవసరమే, దానిని నేను తక్కువ చేయడం లేదు. కానీ మీ ఊరి ఖబరస్తాన్ సర్వే నంబరు ఏమిటి, గెజిట్‌లో ఏ సంవత్సరం ప్రచురితమైంది, ముతవల్లీ ఏ పత్రాలు స్కాన్ చేయాలి అని తెలుగులో చెప్పే రెండు నిమిషాల వీడియో మీకు ఎన్నిసార్లు వచ్చింది? ప్రచారం చేయవలసిన విషయం అదే.

'వక్ఫ్ బోర్డు ఏ భూమినైనా తనదంటుంది' అన్న పుకారుకు జవాబు కూడా ఆ కాగితాల్లోనే ఉన్నది. 2025 సవరణకు ముందు 1995 చట్టం ప్రకారం సర్వే కమిషనర్ విచారణ జరపవలసి ఉండేది, నివేదిక ప్రభుత్వానికి చేరవలసి ఉండేది, ఆపై గెజిట్‌లో జాబితా ప్రచురించవలసి ఉండేది. వివాదం ఉంటే ట్రిబ్యునల్ ఉన్నది, ఆపైన హైకోర్టు ఉన్నది. మీ ఊరి గెజిట్ పేజీని ఊరివారి ముందు పెట్టగలిగితే పుకారు అక్కడే ఆగుతుంది. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవారికి ఒక సంగతి తెలుసు: ఎంత పెద్ద గొంతుతో వచ్చిన ఫిర్యాదైనా కాగితం లేకపోతే తపాలు విభాగం దాటదు. తేదీ, నంబరు, జతపరచిన నకళ్లు ఉన్న అర్జీకి ఎవరో ఒకరు సమాధానం రాయక తప్పదు.

ఫిర్యాదు ఒక హక్కు, ఒక క్రమశిక్షణ

ద్వేష ప్రసంగాల విషయంలో చట్టం మన చేతికి కొన్ని సాధనాలు ఇచ్చింది. మతాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ కింద, మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా అవమానించడం 299వ సెక్షన్ కింద నేరాలు. ఎవరి ఫిర్యాదూ లేకపోయినా ఇలాంటి ప్రసంగాలపై పోలీసులు తామే కేసు నమోదు చేయాలని సుప్రీం కోర్టు 2022 అక్టోబరులో మూడు ప్రభుత్వాలకు చెప్పిన మాటను 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చునని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతున్నది.

వేదికలకు సంబంధించి 2021 ఐటీ నిబంధనలు ఉన్నాయి. ప్రతి వేదికా ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఫిర్యాదు అందినట్లు 24 గంటల్లో తెలపాలి. ఆయన నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు కమిటీని ఆశ్రయించవచ్చు. టీవీ వార్తా ఛానెల్ విషయంలో ప్రసారమైన 7 రోజుల్లో ముందు ఆ ఛానెల్‌కు రాయాలి. సమాధానం సరిగా లేకపోతే, సభ్యత్వమున్న ఛానెళ్లపై ఎన్‌బీడీఎస్‌ఏ అనే ప్రమాణాల సంస్థకు వెళ్లాలి. పత్రికల విషయంలో ప్రెస్ కౌన్సిల్ ఉన్నది.

ఇవన్నీ కాగితాల మీది మాటలేనని కొందరు పెదవి విరుస్తారు. 2024 ఫిబ్రవరిలో ఎన్‌బీడీఎస్‌ఏ ఇచ్చిన ఉత్తర్వులను చూడండి. మత విద్వేషాన్ని పెంచేలా ఉన్న కార్యక్రమాలను తొలగించాలని మూడు హిందీ ఛానెళ్లను ఆదేశించింది. ఒక ఛానెల్‌కు లక్ష రూపాయలు, మరోదానికి 50 వేలు జరిమానా వేసింది, మూడోదాన్ని హెచ్చరించింది. వీటి వెనుక ఉన్నది గడువు తప్పకుండా, ఆధారాలతో రాసిన ఒక పౌరుడి ఫిర్యాదులు. ఆయన ముస్లిం కూడా కాదు. పెద్ద సంస్థ, పెద్ద నిధి లేకుండానే ఈ పని జరిగింది.

ఫిర్యాదు నిలవాలంటే ఆధారం నిలవాలి. లింకు, తేదీ, సమయం, పెట్టినవారి ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయాలి. వీడియోను భద్రపరచాలి. కోర్టులో ఎలక్ట్రానిక్ ఆధారం చెల్లడానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, కనుక మొదటిరోజే ఒక న్యాయవాది సలహా తీసుకోవడం మేలు. 'వీడియో డిలీట్ అయిపోయింది సార్' అంటూ పది రోజుల తరువాత వెళ్లే ఫిర్యాదుకు ఎక్కడా విలువ ఉండదు.

ఇంట గెలవాలి

ఇతరుల పుకార్లను ఎదుర్కోవాలనుకునేవారు తమ పుకార్లను ఆపగలగాలి. ఎక్కడో జరిగిన యుద్ధ దృశ్యాన్ని మన రాష్ట్రంలో జరిగిందని పంపడం, పదేళ్లనాటి దాడి వీడియోను నిన్నటిదని పెట్టడం మన గ్రూపుల్లోనూ జరుగుతున్నది. వార్త తెచ్చినవాడు ఎవరో చూసి, నిర్ధారించుకున్న తరువాతే నమ్మమని దివ్య ఖుర్ఆన్‌లో సూరా హుజురాత్ 6వ ఆయత్ మనల్ని ఆదేశిస్తున్నది. తెలియక ఒకరికి కీడు చేసి ఆపై పశ్చాత్తాపపడే స్థితి రాకూడదన్నదే అందులోని కారణం. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి)పై మదీనాలో లేచిన అపనిందను గురించిన ఆయత్‌లను ఖుత్బాల్లో వింటూనే ఉంటాము. నోటి నుంచి నోటికి మాట చేరవేసినవారిని కూడా అవి తప్పుపట్టాయి. ఫార్వర్డ్ బటన్ నొక్కే వేలికి ఆ ఆదేశం వర్తించదా?

2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లు తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు తీశాయి. ఆ సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసులు చేసిన పని మనకు పాఠం. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి తన సిబ్బందిని గ్రామాల్లోకి పంపారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులు చేరారు. డప్పు కళాకారులు పాటలతో పుకార్ల సంగతి వివరించారు. ఫోన్‌లో పుట్టిన మంటను ముఖాముఖి మాటతో చల్లార్చారు. మన పౌర సంబంధాల పని కూడా ఫోన్‌లో మొదలై ఫోన్‌లోనే ముగిస్తే ఫలితం ఉండదు. పుకారు వచ్చిన రోజున ఊరి పెద్దలను, గుడి కమిటీవారిని, విలేకరులను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడగల పరిచయం అంతకుముందే ఉండాలి.

భాష మరో ముఖ్యాంశం. మన ప్రకటనలు ఎక్కువగా ఉర్దూలో, కొన్ని ఆంగ్లంలో వెలువడుతున్నాయి. ఉర్దూ మన సాంస్కృతిక సంపద, అందులో సందేహం లేదు. కానీ అపోహ ఉన్నవాడు తెలుగు చదువుతాడు. కోస్తా, రాయలసీమ పల్లెల్లో మన ఇళ్లలో మాట్లాడేదీ చాలాచోట్ల తెలుగే. జుమా ఖుత్బాలోని ముఖ్యాంశాన్ని ఐదు వాక్యాల తెలుగులో ప్రతి వారం పెట్టగలిగితే, 'మస్జిద్‌లో ఏం చెబుతారో' అన్న అనుమానానికి చోటే ఉండదు.

మంచితనానికి బహుమతిగా హక్కులు వద్దు

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. కోవిడ్ కాలంలో తిరుపతిలో, హైదరాబాద్‌లో, ఇంకా అనేక చోట్ల ముస్లిం యువకులు మతం చూడకుండా మృతదేహాలకు అంత్యక్రియలు జరిపారు. కోలుకున్న తబ్లీగీ సభ్యులు ఢిల్లీలో ప్లాస్మా ఇచ్చారు. ఇవి లోకానికి తెలియవలసిన విషయాలే. అయితే 'చూడండి, మేము మంచివాళ్లం, కనుక మమ్మల్ని బతకనివ్వండి' అన్న ధోరణిలో వాటిని చెప్పడం తగదు. రక్తదానం చేయని ముస్లింకు కూడా రాజ్యాంగం అంతే హక్కులిచ్చింది. సేవ అల్లాహ్ ప్రసన్నత కోసం చేసేది, హక్కు రాజ్యాంగం నుంచి వచ్చేది. మొదటిది రెండోదానికి అద్దె కాకూడదు.

'నిందవేసినవాడు నిరూపించాలి గాని, మేమెందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి?' అని యువకులు అడుగుతారు. న్యాయంగా చూస్తే వారి మాట నూటికి నూరుపాళ్లు సరైనది. ప్రభుత్వమూ, పోలీసులూ, మాధ్యమాలూ తమ బాధ్యత నెరవేర్చి ఉంటే ఈ వ్యాసమే అవసరం లేదు. 2021 సెప్టెంబరు 2న అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారే అయిన ఎన్.వి. రమణ, మాధ్యమాల్లో ఒక వర్గం ప్రతిదానికీ మతం రంగు పులుముతున్నదని బహిరంగ కోర్టులో ఆవేదన వ్యక్తం చేశారు. బాధ్యత ఎవరిదో అత్యున్నత న్యాయస్థానమే చెప్పింది. అయినా బాధ్యుడు కదిలేవరకు నష్టపోయేది మన బండివాడు, మన విద్యార్థి, అద్దెకు ఇల్లు దొరకని మన కుటుంబం. వారికోసమే మనం పని మొదలుపెట్టాలి. మనం రాసేది సంజాయిషీ కాదు, రికార్డు.

మహిళల విషయం మరువరాదు. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేర్లతో ముస్లిం మహిళల ఫోటోలను వేలానికి పెట్టినట్లు యాప్‌లు సృష్టించారు. గొంతెత్తి మాట్లాడే మహిళలను నోరు మూయించడమే వాటి ఉద్దేశం. ఆ మహిళలు నోరు మూసుకోలేదు, పేర్లతో సహా ఫిర్యాదులు ఇచ్చారు, అరెస్టులు జరిగాయి. అలాంటి ధైర్యం ఉన్న చెల్లెళ్లకు మన కమిటీల్లో ఎన్ని కుర్చీలు ఉన్నాయి? డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు తెలుగులో చక్కగా రాయగలరు, మాట్లాడగలరు. మన ప్రచార బాధ్యతలో వారికి సగం అప్పగించాలి.

చేయవలసింది చిన్నదే. ప్రతి పట్టణంలో మస్జిద్ కమిటీలన్నీ కలిసి ఐదుగురిని ఎంచుకోవాలి: తెలుగు బాగా వచ్చిన ఒక ఉపాధ్యాయుడు, ఒక న్యాయవాది, ఒక ఆలిమ్, సాంకేతికత తెలిసిన ఒక యువకుడు, ఒక యువతి. పత్రికలకు ఇచ్చే ఫోన్ నంబరు ఒక్కటే ఉండాలి. రిజర్వేషన్, వక్ఫ్, జనాభా, మదర్సా, ఖబరస్తాన్ అనే ఐదు విషయాలపై ఐదు పేజీలు సిద్ధం చేయాలి. ప్రతి వాక్యం పక్కన ఆధారం ఉండాలి. ఎవరు ఏ ఫిర్యాదు ఎప్పుడు పంపారు, ఏ జవాబు వచ్చింది అన్నది ఒక రిజిస్టర్‌లో రాయాలి. నెలకొకసారి ఆ రిజిస్టర్‌ను జమాత్ ముందు చదవాలి.

ఈ పనికి డబ్బు పెద్దగా అక్కరలేదు. పదవీ విరమణ చేసిన ఉద్యోగులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. నోట్‌ఫైలు రాయడం, గడువు లెక్కపెట్టడం, జవాబు రాకపోతే రిమైండర్ పంపడం జీవితమంతా చేసినవారే వారు. వచ్చే జుమా నమాజు తరువాత మీ కమిటీ పెద్దలను ఒక్క మాట అడగండి: మన ఊరి గురించి రేపు ఒక తప్పుడు వార్త వస్తే, జవాబు చెప్పేది ఎవరు, ఏ కాగితం చూపించి? దానికి వెంటనే సమాధానం రాకపోతే, ఆ సాయంత్రమే మొదటి సమావేశం పెట్టుకోండి.